నర్సరీ గదిలో కూరగాయల సంత: వారం రోజుల థీమ్‌ను సరిగ్గా నడిపించే పద్ధతి

థీమ్ వారం (వారమంతా ఒకే విషయం చుట్టూ ఆటలు, పనులు) పెట్టామని, గోడల నిండా రంగు కాగితాలు అంటించామని, అయినా పిల్లలు పది నిమిషాలకే విసుగెత్తి అటూ ఇటూ పరుగెత్తుతున్నారని టీచర్లు తరచూ అడుగుతుంటారు. చాలాచోట్ల లోపం ఒకటే. థీమ్ గోడ మీద ఉంటుంది, పిల్లల చేతుల్లో ఉండదు. టీచరు రాత్రంతా కూర్చుని కత్తిరించిన థర్మాకోల్ వంకాయను పిల్లవాడు ఒక్కసారి చూసి వదిలేస్తాడు. అసలు వంకాయ ఇస్తే తొడిమ పట్టుకుని లాగుతాడు, వాసన చూస్తాడు, బుగ్గకు రుద్దుకుంటాడు, నేల మీద దొర్లించి అది ఎటు పోతుందో చూస్తాడు.

ఈ మార్గదర్శి 3 నుంచి 5 ఏళ్ల పిల్లల కోసం. 20 మంది పిల్లలు, ఒక టీచరు, ఒక ఆయా ఉన్న గదిని దృష్టిలో పెట్టుకుని రాశాను. అపార్ట్‌మెంట్ కింది అంతస్తులో నడిచే ప్లేస్కూల్‌కైనా, అంగన్‌వాడీకైనా ఇదే పద్ధతి సరిపోతుంది. కూరగాయల సంతను ఎంచుకోవడానికి కారణం సులువే: సామగ్రి ఏడాది పొడవునా దొరుకుతుంది, ఖర్చు తక్కువ, తోపుడు బండి దగ్గర అమ్మ బేరమాడటం చూడని పిల్లలు హైదరాబాద్‌లో అరుదు.

## 1. ఏం నేర్పాలో ముందు తేల్చుకోండి

‘15 కూరగాయల పేర్లు చెప్పించాలి’ అన్నది లక్ష్యంగా పెట్టుకోకండి. పేర్లు వాటంతటవే వస్తాయి. ఈ వారానికి నాలుగు పనులు చాలు: పోల్చడం, వేరు చేయడం, అయిదు లోపు లెక్క, వేళ్ల పట్టు. రోజూ చేసే ప్రతి పనీ ఈ నాలుగింటిలో ఒకదానికైనా అక్కరకు రావాలి. రాకపోతే అది ఎంత అందంగా ఉన్నా తీసేయండి.

కూరగాయలు ఆరేడు రకాలు మించొద్దు. ఒకదానికొకటి పోలిక లేనివి ఎంచుకోండి. ఆలుగడ్డ, వంకాయ, బెండకాయ, కాకరకాయ, క్యాప్సికం, నిమ్మకాయ, ఒక కొత్తిమీర కట్ట తీసుకుంటే గరుకు, నునుపు, బరువు, తేలిక, ఘాటు వాసన అన్నీ వచ్చేస్తాయి. చూసి ఆశ్చర్యపోవడానికి ఒక పెద్ద సొరకాయ ఉంటే ఇంకా మంచిది.

కొన్నింటిని గదిలోకే రానివ్వకండి. పచ్చిమిర్చి పట్టుకున్న చేయి కంట్లోకి పోతుంది. పచ్చి చామదుంప, కంద చేతులకు దురద పెడతాయి. చిక్కుడు గింజలు, బఠాణీల వంటివి ముక్కులోకీ చెవిలోకీ వెళ్లడానికి క్షణం చాలు.

## 2. వారం ముందు చేయాల్సిన సన్నాహం

ఎర్రగడ్డ, మెహదీపట్నం రైతు బజార్లలోనో, సికింద్రాబాద్ మోండా మార్కెట్‌లోనో ఆదివారం ఒక్కసారి వెళ్తే వారానికి సరిపడా దొరుకుతాయి. ఆకుకూర, కొత్తిమీర మాత్రం ఏ రోజుకారోజు కొనుక్కోవాలి. బెండకాయలు కొనేటప్పుడు బేరం తిప్పి చేయండి: ఇంట్లో ఎవరూ వండుకోని ముదురు బెండకాయలే అచ్చులకు కావాలి. అంచులు గట్టిగా ఉండి అచ్చు స్పష్టంగా పడుతుంది, తిండి వృథా చేశామన్న బాధా ఉండదు. అన్నం, పప్పులు నేల మీద పోసి ఆడించడం తల్లిదండ్రుల్లో చాలామందికి నచ్చదు, నాకూ నచ్చదు. ఆ పనికి జల్లెడ పట్టి కడిగి ఆరబెట్టిన ఇసుక వాడండి.

తెచ్చినవాటిని ఉప్పు నీళ్లలో కాసేపు ఉంచి, మంచినీళ్లతో కడిగి, గుడ్డతో పూర్తిగా తుడవండి. వంకాయ తొడిమలకు ముళ్లుంటాయి. కత్తెరతో వాటిని కత్తిరించి, మీ వేలితో తడిమి చూశాకే బుట్టలో వేయండి.

తక్కెడ తయారీ. ఈ వారమంతటికీ ప్రాణం ఇదే, కాబట్టి కొంచెం ఓపికగా చేయండి. రెండు చివర్లా గాడి ఉన్న ప్లాస్టిక్ హ్యాంగర్ ఒకటి, ఒకే కొలత ఉన్న పెరుగు డబ్బాలు రెండు తీసుకోండి. ప్రతి డబ్బా అంచుకు సమాన దూరంలో మూడు రంధ్రాలు చేసి, మూడు దారాలు కట్టి, పైన ఒకే ముడి వేయండి. వాటిని గాడుల్లో తగిలించి, హ్యాంగర్‌ను పిల్లల ఛాతీ ఎత్తులో ఉన్న కొక్కేనికి వేలాడదీయండి. వెనక గోడ తగలకూడదు, తగిలితే ముల్లు కదలని తక్కెడే. ఖాళీగా ఉన్నప్పుడు ఒక వైపు వాలుతుంటే, తేలికగా ఉన్న డబ్బా అడుగున కాస్త గోధుమపిండి ముద్ద అంటించి సరిచేయండి.

బిళ్లలు. అసలు నాణేలు వద్దు. దళసరి అట్టను మీ అరచేతిలో సగం ఉండేలా గుండ్రంగా కత్తిరించి 60 బిళ్లలు చేయండి. నోట్లో పెట్టుకున్నా మింగలేనంత పెద్దవిగా ఉండాలి.

తల్లిదండ్రులకు కబురు. ‘ఒక్కొక్కరు ఒక కూరగాయ పంపండి’ అని రాస్తే ఇరవై ఇళ్ల నుంచి పద్నాలుగు టమాటాలు వస్తాయి. కూరగాయలు మీరే కొనండి. ఇళ్ల నుంచి పాత గుడ్డ సంచి, పాత దినపత్రికలు, మరకలు పడినా ఫర్వాలేదనుకునే ఒక చొక్కా అడగండి. ఏ పదార్థమైనా పిల్లలకు పడదా అన్నది అదే కబురులో అడిగి, జవాబును కాగితం మీద రాసి పెట్టుకోండి. గోధుమపిండి ముద్ద తయారుచేసే ముందు ఆ కాగితం చూడాలి.

ఆదివారం రాత్రి సరిచూసుకోవాల్సినవి:

☐ కడిగి తుడిచిన కూరగాయలు, ముళ్లు తీసిన వంకాయలు
☐ ఖాళీగా ఉన్నప్పుడు సమంగా నిలిచే తక్కెడ
☐ 60 అట్ట బిళ్లలు, 6 చిన్న గుడ్డ సంచులు
☐ పిల్లల చేతికి పట్టు దొరికే చిన్న మగ్గులు, ఒక పెద్ద టబ్బు, నేల తుడిచే గుడ్డలు నాలుగు
☐ నానబెట్టిన మెంతులు గుప్పెడు
☐ పడని పదార్థాల జాబితా

## 3. ఈ విషయాల్లో మినహాయింపు లేదు

మూడేళ్ల పిల్లలున్న గదిలో మూడు సెంటీమీటర్ల కంటే చిన్న వస్తువు ఏదీ వాళ్ల చేతికి అందకూడదు. నీళ్లలో ఉబ్బే రంగు గోళీలు చూడటానికి బాగుంటాయి కానీ మింగితే పేగులో ఉబ్బి అడ్డుపడతాయి. వాటిని ఏ థీమ్‌లోనూ వాడొద్దు. పాతకాలపు ఆట సామాన్లలో గురివింద గింజలు కనిపిస్తుంటాయి. అవి విషం. బయటికి నడకకు తీసుకెళ్తే రోడ్ల మధ్య డివైడర్ల మీద విరగబూసే గన్నేరు పూలను కోయనివ్వకండి, ఆ చెట్టు ఆకు నుంచి గింజ దాకా అంతా విషమే.

కత్తి, పీలర్ పెద్దల చేతుల్లోనే, అదీ పిల్లలు గదిలోకి రాకముందే. నీళ్ల టబ్బు దగ్గర ఒక పెద్ద మనిషి కూర్చునే ఉండాలి. ఆమె లేవాల్సి వస్తే టబ్బు ఖాళీ అయ్యాకే లేవాలి.

## 4. గదిని నాలుగు మూలలుగా విడదీయండి

ఇరవై మందికీ ఒకే పని ఇస్తే పద్దెనిమిది మంది ఎదురుచూస్తూ కూర్చుంటారు. గొడవలు పుట్టేది ఆ ఎదురుచూపులోనే. ఒక్కో మూలలో అయిదుగురు చొప్పున నాలుగు మూలలు పెట్టండి: తడి పని బాత్రూం వైపు, తక్కెడ గోడ పక్కన, అంగడి గుమ్మానికి ఎదురుగా (గురువారం దాకా అక్కడ ఆ రోజు పని), పిండి ముద్దలు చాప మీద.

ప్రతి మూలలో నేల మీద అయిదు పాదాల గుర్తులు అంటించండి. గుర్తు ఖాళీగా ఉంటేనే అక్కడికి వెళ్లాలి. ‘నువ్వు రావద్దు’ అని టీచరు చెప్పనక్కర్లేదు, నేలే చెబుతుంది. టీచరు తడి పని దగ్గర, ఆయా అంగడి దగ్గర ఉంటే మిగతా రెండు మూలలు వాటంతటవే నడుస్తాయి.

పిండి ముద్దకు కొలత: రెండు కప్పుల మైదా (ఇదీ గోధుమపిండే), ఒక కప్పు ఉప్పు, రెండు చెంచాల నూనె, ముప్పావు కప్పు నీళ్లతో మొదలుపెట్టి అవసరమైతే కొంచెం కొంచెంగా కలపాలి. వానాకాలంలో ముద్ద చెమ్మగిల్లి చేతికి అంటుతుంది, అప్పుడు పొడి పిండి అద్దండి. రాత్రి మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి, మూడు రోజులు దాటితే పారేయండి.

## 5. అయిదు రోజుల క్రమం

వరుస ముఖ్యం. ముందు వస్తువు, తర్వాత ఆ వస్తువుతో పని, ఆ తర్వాతే నటన. అంగడి ఆట సోమవారమే తెరిస్తే పిల్లలు కూరగాయల్ని విసురుకుంటారు, ఎందుకంటే వాటిని ఇంకా చేత్తో చూసి ఉండరు. చేతుల ఆత్రం తీరనివ్వండి.

సోమవారం: సంచిలో ఏముంది? గుడ్డ సంచిలో ఒక కూరగాయ వేసి మూతి బిగించండి. పిల్లవాడు చేయి పెట్టి తడిమి చెప్పాలి. పేరు అడగకండి, ఎలా ఉందో అడగండి. ‘ముళ్లు ముళ్లుగా ఉంది టీచర్’ అంటే కాకరకాయ. ‘జుట్టులాగా ఉంది’ అంటే కొత్తిమీర. మొదట మీరే చేయి పెట్టి, కళ్లు మూసుకుని, ‘చల్లగా ఉంది... ఒక చివర తోక ఉంది...’ అని నెమ్మదిగా చెప్పి చూపించండి. ఇంట్లో ఉర్దూ, హిందీ మాట్లాడే పిల్లలు తమ మాటల్లో చెబితే ఒప్పుకుని, తెలుగు పేరును మీ మాటల్లో కలిపేయండి.

అదే రోజు నానిన మెంతుల్ని మట్టి నింపిన వెడల్పాటి పళ్లెంలో మీరే చల్లి, పిల్లలతో పైన పలుచగా మట్టి కప్పించండి. శుక్రవారానికి మొలకలు తల ఎత్తుతాయి. పళ్లెంలో నీళ్లు కుమ్మరించకుండా చిలకరించే బాధ్యత రోజుకు ఇద్దరికి.

మంగళవారం: వేరు చేయడం, తేలడం, మునగడం. ‘రంగును బట్టి వేరు చేయండి’ అని మొదలుపెట్టొద్దు. మూడు ఖాళీ బుట్టలు పెట్టి ‘ఏవి ఏవి కలిసి ఉండాలో మీరే పెట్టండి’ అనండి. ఒకరు రంగు చూస్తారు, ఒకరు పొడవు చూస్తారు, ఒకరు ‘ఇవి నాకు ఇష్టం, ఇవి ఇష్టం లేదు’ అని పెడతారు. మూడూ సరైనవే. ఎలా పెట్టారో వాళ్ల నోటితో చెప్పించడమే పాఠం.

టబ్బు దగ్గర ఆలుగడ్డ మునుగుతుంది, క్యాప్సికం తేలుతుంది. మిగతావి కూరగాయను బట్టి మారొచ్చు, కాబట్టి మీరు ముందురోజే వేసి చూసుకోండి. కమలాపండు దొరికే కాలమైతే ఒకటి తెండి: తొక్కతో తేలుతుంది, తొక్క తీస్తే మునుగుతుంది. తొక్కలో గాలి ఉంటుందని వివరించబోకండి. ‘ఏమైంది?’ అని ఊరుకోండి.

బుధవారం: అచ్చులు. బెండకాయను అడ్డంగా కోస్తే పువ్వు అచ్చు, కాకరకాయతో గరుకు చక్రం, క్యాప్సికంతో మూడు నాలుగు రేకుల పువ్వు. తొడిమ ఉన్న సగాన్నే ఇవ్వండి, పట్టుకోవడానికి పిడి అవుతుంది. బెండకాయ జిగురు పోవడానికి, కోసిన వైపు కింద ఉండేలా దినపత్రిక మీద అరగంట బోర్లించండి.

రంగును గిన్నెలో పోసి ఇస్తే పిల్లలు ముంచుతారు, కాగితం మీద మడుగు కడుతుంది. నూలు గుడ్డను నాలుగు మడతలు పెట్టి పళ్లెంలో పరిచి, దాని మీద రెండు చెంచాల రంగు పోసి అద్దనివ్వండి. పళ్లేనికి ఒకే రంగు. కాగితం నాలుగు మూలలా టేపు వేస్తే జారదు.

అయిదేళ్ల వాళ్లకు ఇంకొక పని: పసుపు నీళ్లు పూసి ఆరబెట్టిన కాగితం మీద వంటసోడా కలిపిన నీళ్లతో కుంచె గీయించండి. గీసినచోట ఎర్రబడుతుంది. చేతులు కడుక్కునే ద్రవ సబ్బుతో ఇది చాలాసార్లు రాదు, సోడా నీళ్లే నమ్మకం. పాత చొక్కాలు వేసేది ఈ రోజే.

గురువారం: అంగడి. వారమంతా ఎదురుచూసిన రోజు. బుట్టలు, తక్కెడ, బిళ్లలు, సంచులు సిద్ధం. అయిదుగురికి మూడు పాత్రలు: అమ్మేవాళ్లు ఇద్దరు, కొనేవాళ్లు ఇద్దరు, బుట్టలు మోసే హమాలీ ఒకరు. హమాలీ వేషం తప్పకుండా పెట్టండి. ఒక్కచోట కూర్చోలేని పిల్లవాడికి అంతకంటే గౌరవమైన ఉద్యోగం లేదు. ఏడెనిమిది నిమిషాలకు గంట కొట్టి పాత్రలు మార్చండి.

ధర పలకల మీద అంకెలు రాయకండి, చుక్కలు పెట్టండి. నిమ్మకాయ బుట్టకు ఒక చుక్క, ఆలుగడ్డకు రెండు, సొరకాయకు అయిదు. చుక్క మీద బిళ్ల పెడుతూ పోతే లెక్క సరిపోయిందో లేదో పిల్లవాడికే కనిపిస్తుంది.

ఇక కొసరు. మన సంతలో కొసరు లేని బేరం లేదు, బామ్మ వెంట వెళ్లిన ప్రతి పిల్లకూ అది తెలుసు. దాన్ని లెక్కకు వాడుకోండి. మూడు నిమ్మకాయలు కొన్నాక ‘కొసరు వేయమ్మా’ అని మీరు అడగండి. ఒకటి పడుతుంది. ‘ఇప్పుడు ఎన్ని?’ మూడుకు ఒకటి కలిపితే నాలుగు అని నల్లబల్ల మీద నేర్పే కూడిక ఇదే. అమ్మేవాళ్లు మొండికేసి ‘కొసరు లేదు, పో’ అన్నా నవ్వి ఊరుకోండి, బేరం నేర్చుకుంటున్నారు.

తక్కెడ దగ్గర ఒక వైపు పెద్ద కొత్తిమీర కట్ట, మరో వైపు దాని పక్కన చిన్నగా కనిపించే ఆలుగడ్డ పెట్టించండి. పెట్టే ముందు ‘ఏ డబ్బా కిందికి దిగుతుంది?’ అని ప్రతి ఒక్కరినీ అడగండి. దాదాపు అందరూ కొత్తిమీర వైపే చూపిస్తారు. ఆలుగడ్డ డబ్బా దబ్బున దిగగానే పిల్లలు తక్కెడను కాదు, ఆ రెండింటినీ చేతుల్లోకి తీసుకుని చూస్తారు. అప్పుడు మీరు మాట్లాడకండి.

శుక్రవారం: పొయ్యి లేని వంట. ఉడికించి చల్లార్చిన ఆలుగడ్డ తొక్క వేళ్లతో తీయడం, మెదపడం, కొత్తిమీర ఆకులు తుంచడం, నిమ్మకాయ పిండడం పిల్లల వంతు. గింజలు మీరు ముందే తీసేయండి. చిటికెడు ఉప్పు వేసి తలా ఒక చెంచా. క్యారెట్ పెట్టదలిస్తే తురిమి మాత్రమే పెట్టండి, పచ్చి ముక్కలు గొంతుకు అడ్డుపడతాయి.

## 6. గంట కాలాన్ని ఇలా పంచుకోండి

అందరూ కలిసి కూర్చునే సమయం 10 నిమిషాలు మించొద్దు. మూలల్లో పనికి 35 నిమిషాలు. సర్దడానికి 10, ఏం చేశామో చెప్పుకోవడానికి 5. సర్దడాన్ని ఆయాకు వదిలేయకండి. ఏ బుట్టలో ఏది పెట్టాలో బొమ్మ అంటించి ఉంటే, వేరు చేసే పాఠం మరోసారి ఉచితంగా జరిగిపోతుంది.

## 7. ఎలా అడగాలి?

‘ఇది ఏ రంగు?’, ‘దీని పేరేమిటి?’ అన్న ప్రశ్నలకు ఒక్క మాటతో పని అయిపోతుంది. జవాబు తెలియని పిల్ల మూగబోతుంది. వాటి బదులు ఇవి అడిగి చూడండి:

- టమాటా నలగకూడదంటే సంచిలో అడుగున ఏది పెట్టాలి?
- ఈ రెండింటినీ ఒకే బుట్టలో ఎందుకు పెట్టావు?
- తక్కెడ సమంగా నిలవాలంటే ఇంకా ఏం వేద్దాం?

అడిగాక లోలోపల అయిదు అంకెలు లెక్కపెట్టుకోండి. మనలో చాలామంది రెండు లెక్కపెట్టేలోపే జవాబు చెప్పేస్తాం.

## 8. ఎక్కడ గాడి తప్పుతుంది, ఎలా సరిచేయాలి

అందరూ అంగడి దగ్గరే గుమిగూడారు. పాదాల గుర్తులు పెట్టలేదన్నమాట. పెట్టినా ఆగకపోతే, తక్కెడ అంగడికి దగ్గరగా ఉంటే దాన్ని ఇంకాస్త దూరానికి జరపండి, సగం మంది దాని వెంట వెళ్తారు.

ఒక పాప దేన్నీ ముట్టుకోవడం లేదు. చేయి పట్టి బలవంతంగా ముట్టించొద్దు. గరిటెతో కదపనివ్వండి, బిళ్లలు తీసుకునే పని ఇవ్వండి, పక్కన కూర్చుని చూడనివ్వండి. ఇంట్లో కూర వద్దని మారాం చేసే పిల్లలూ కొందరు వీళ్లలో ఉంటారు. ఇది తినిపించే కార్యక్రమం కాదు.

పిల్లల బొమ్మలన్నీ ఒకేలా ఉన్నాయి. పని టీచరు చేశారని అర్థం. నమూనా గీసి గోడకు తగిలించడం మానేయండి. చెదిరిన బెండకాయ అచ్చునే పేరు రాసి ఇంటికి పంపండి.

బుధవారానికే ఆసక్తి తగ్గింది. బుట్టలో అన్నీ సోమవారమే పెట్టేసి ఉంటారు. సొరకాయను గురువారం దాకా దాచండి.

విసిరే పిల్లవాడు. కోప్పడి పక్కన కూర్చోబెడితే రేపు మళ్లీ విసురుతాడు. దూరంగా ఒక గంప పెట్టి, అందులో గుడ్డ ఉండలు వేయమనండి. చేయికి విసరడం కావాలి, ఆలుగడ్డ కాదు.

## 9. ఏం నేర్చుకున్నారో రాసుకోవడం

రోజుకు అయిదుగురు పిల్లల్ని మాత్రమే గమనించండి, ఒక్కొక్కరికి ఒక వాక్యం. నాలుగు రోజుల్లో గదంతా పూర్తవుతుంది. ‘బాగా ఆడాడు’ అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. ‘కొత్తిమీర బరువనుకున్నాడు, తక్కెడ చూశాక రెండూ చేతిలో పట్టుకుని చూసుకున్నాడు’ అని రాస్తే వచ్చే వారం ఏం ఇవ్వాలో తెలుస్తుంది.

సాయంత్రం గేటు దగ్గర ‘ఈ రోజు ఏం రాయించారు?’ అని అడిగే తల్లిదండ్రులు ఉంటారు, ఉండటం సహజం. వాదించకండి. ఆ వాక్యాన్నే చదివి వినిపించండి. శని, ఆదివారాల్లో ఇంటి పనిగా ఒకటే చెప్పండి: కూరగాయలు కొనేటప్పుడు అయిదు నిమ్మకాయలు పిల్లలతో ఏరించి లెక్కపెట్టించమని.

## 10. ఇదే చట్రంలో మరికొన్ని థీమ్‌లు

వస్తువు, పని, నటన అన్న వరుస మారదు, వస్తువు మాత్రం కాలాన్ని బట్టి మారుతుంది.

- జులై, వాన: గొడుగు, కాగితపు పడవ, చూరు నీళ్లు పట్టే గిన్నెలు. పట్టిన నీళ్లు ఆ రోజే పారబోయాలి, నిలవ ఉంటే డెంగీ దోమలు చేరతాయి.
- బతుకమ్మ రోజులు, పూలు: తంగేడు, గునుగు, బంతి. వలయాలుగా పేర్చడంలోనే రంగుల వరుస, చిన్న పెద్ద వలయాల లెక్క ఉన్నాయి. పుప్పొడితో తుమ్ములు వచ్చే పిల్లల్ని ముందే కనుక్కోండి.
- జనవరి, గాలి: గాలిపటం తోక, కాగితపు చక్రం, ఊదితే కదిలేవి, కదలనివి. మాంజా గదిలోకి రాకూడదు, నూలు దారం చాలు.
- మార్చి, నీళ్లు: మగ్గు, గరాటు, జల్లెడ, చిల్లుల డబ్బా. ఎండ ముదరకముందే, ఉదయం 10 లోపు ఆరుబయట పెట్టుకోండి; వేరే బట్టలు ఒక జత తెప్పించుకోవడం మరవొద్దు.

తక్కెడ, అట్ట బిళ్లలు, పాదాల గుర్తులు, గుడ్డ సంచులు ఒక పెట్టెలో వేసి పైన పేరు రాసి పెట్టండి. మెంతి పళ్లెం మాత్రం కిటికీ దగ్గరే ఉంచితే, మరో వారం పది రోజులకు కోసి పప్పులో వేసుకోవచ్చు.